చెవులు ముడుచుకున్న కణాలు

“గట్టిగా మాట్లాడకండి, లెక్క తప్పు వస్తుంది,” అంది డాక్టరమ్మ, ఇనుప సామాన్ల షావుకారు చేతికి మళ్ళీ బీపీ పట్టీ చుడుతూ.

“ఇది నా మామూలు గొంతే తల్లీ. అరవకపోతే మా కొట్లో మేకు కూడా కదలదు.” షావుకారు వెనక నిలబడ్డ తమ్ముణ్ణి చూపించాడు. “వీణ్ణి అడగండి. పుట్టి బుద్ధెరిగాక నాకు ఎదురు చెప్పలేదు.”

తమ్ముడు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం విప్పింది. “కంగారు పుట్టించే హార్మోను మీ ఒంట్లో ఎప్పుడూ మోగుతూనే ఉంది. దాని మాట వినడానికి రక్తకణాల మీద గ్రాహకాలుంటాయి, చెవుల్లాంటివి. అదే పనిగా మోగితే కణాలు ఆ చెవుల్ని లోపలికి లాగేసుకుంటాయి. మీకు జరిగింది అదే. రక్తనాళాలు కూడా ఇలాగే వినడం మానేస్తే, సడలకుండా బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. కొన్నాళ్లు కొట్టు మొహం చూడకండి.”

“దానికేం, వీడు చూసుకుంటాడు. ఏరా?”

తమ్ముడి చూపు వీధిలోనే ఉంది. షావుకారు గొంతు పెంచాడు. తమ్ముడు కదల్లేదు. చివరికి డాక్టరమ్మే మెల్లగా, “మిమ్మల్నే,” అంటే ఇటు తిరిగాడు.

“నేను వేరే కొట్టు చూసుకున్నానన్నయ్యా. వచ్చే నెల వెళ్ళిపోతున్నాను.”

“నాతో ఒక్క మాటైనా అన్నావా?”

“నువ్వు ఊపిరి తీసుకునే సందులో చెబుదామనుకున్నాను. దొరకలేదు.”

ఇన్నేళ్లూ తమ్ముడి మౌనాన్ని షావుకారు విధేయత కింద జమ వేసుకున్నాడు. అరుపు గొంతుదాకా వచ్చింది. ఆ గదిలో దానికి గిరాకీ లేదు.