మాగని ఎరువు

ఆవు పేడలో రోగం ఉంటుందా?

నాలుగేళ్లుగా గంగాధరం మనసులో నలుగుతున్న సందేహం ఇది.

నాలుగేళ్ల కిందటి శ్రీరామనవమికి రామాలయంలో వడపప్పు తిన్నవాళ్లలో తొమ్మిది మంది మంచం పట్టారు. పొరుగింటివాళ్లతో గూడూరు నుంచి పండగ చూడవచ్చిన ఒక పాప తిరుపతి ఆస్పత్రిలో చనిపోయింది.

పానకంలో కలిపిన నీళ్లు మంచివి కావన్నారు ఊళ్లోవాళ్లు.

వడపప్పులో తరిగి వేసిన కీరా గంగాధరం తోటది. ఆ ఏడు మాగిన ఎరువు చాలక పాదులకు పచ్చిపేడ పోశాడు. ఏటా స్వామికని ఊరికే ఇస్తాడు. తప్పు నీళ్లదేనని అతనూ తలూపాడు.

మరుసటి నవమి నుంచి ఒకామె రావడం మొదలైంది. రేణిగుంటలో బస్సు మారి, పొద్దున్నే తోటకు చేరేది. ఊరు చెప్పేది కాదు. కూలి తీసుకునేది కాదు. అడిగితే స్వామి సేవ అనేది.

కాయలను వేడినీళ్లలో కడిగేది. తొక్క మందంగా చెక్కేసేది. పేడతో అలికిన నేల మీద కాయలు పొయ్యనిచ్చేది కాదు, అరిటాకులు పరిచేది.

"తొక్కలమ్మ వచ్చె!" అని గంగాధరం భార్య నాగవేణి నవ్వేది.

ఆ మూడేళ్లూ పండగ ప్రసాదం తిని ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకని ఎవరూ ఆలోచించలేదు.

ఈ ఏడు ఆమె వచ్చేసరికే కాయలు కోసి, అరుగు మీద రాశి పోశారు. అరుగు మీద పేడ అలుకు ఇంకా ఆరలేదు.

"అన్నా, ఈ పాదులకు ఎరువెప్పుడు ఏసినావు?"

"ఉగాది నాడు. గోశాల నుంచి పచ్చిపేడ తెచ్చి, నీళ్లలో కలిపి పోసినా. సూడు, కాయ ఎట్లా నిగనిగలాడతా ఉండాదో!"

"తొమ్మిది దినాలేనా? ఈ మూడేళ్లూ మాగిన ఎరువే కదన్నా ఏసినావు?"

"మాగిందంతా వరిమడికి పోయింది."

"అయితే ఈ కాయలు పచ్చిగా వద్దన్నా. కూర వండండి."

పక్కనే ఉన్న ఆలయ ధర్మకర్త పరంధామయ్య గయ్యిమన్నాడు.

"పోయినేడు తొక్కంటూ సగం కాయ చెక్కి పారేసినావు. ఈసారి కాయే వద్దంటావా?"

"పేడలో కంటికి కనపడని పురుగుంటాది సామీ."

"ఆవు పేడలోనా?" అన్నాడు గంగాధరం. ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. అందుకే గొంతు పెరిగింది. "లక్ష్మీదేవి ఉండే చోటమ్మా అది! నోరు కడుక్కో పో!"

"పోతానన్నా. పిల్లోళ్లకు మాత్రం పెట్టొద్దు. దండం పెడతా."

"మద్దెలో నీకేం పోయింది?" అన్నాడు గంగాధరం.

ఆమె అతనివైపు ఒక్కసారి చూసింది. వెళ్లిపోయింది.

ఆ కాయలనే పచ్చిగా వడపప్పులో తరిగి వేశారు. నాలుగో రోజు గంగాధరం మనవరాలు మహితకు నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి. ఆరేళ్ల పిల్ల. ఊళ్లో ఇంకో ఐదుగురు పిల్లలకూ అదే తీరు. వారం తిరిగేసరికి మహితకు మూత్రం ఆగిపోయింది.

తిరుపతిలో డాక్టరమ్మ అడిగింది.

"పచ్చివేమన్నా తినిందా?"

"ప్రసాదమమ్మా. కీరా ఏసిన వడపప్పు."

"కీరాకు ఏం ఎరువు?"

చెప్పాడు.

"పచ్చిపేడలో ఉండే క్రిమి ఇది. ఆవును ఏమీ చెయ్యదు. పసిపిల్ల కడుపులో పడితే మూత్రపిండాలనే తినేస్తుంది."

"అంటే... ఆవు పేడ చెడ్డదా తల్లీ?"

"పేడ చెడ్డది కాదు పెద్దాయనా, తొందర చెడ్డది. దిబ్బలో నెలల తరబడి బాగా మాగనియ్యాల. నాలుగేళ్ల కింద మీ ఊరి పండగ నుంచే ఒక పాపను ఇట్లాగే తెచ్చినారు. దక్కలేదు."

గంగాధరం గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

మహిత ప్రాణం దక్కింది. మూత్రపిండాలు దక్కలేదు.

పిల్లను ఇంటికి తెచ్చిన మర్నాడు అతను చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి?" అంది నాగవేణి.

"గూడూరుకు. ఆ పాపోళ్లను పలకరించి రావాల."

"ఇప్పుడా? నాలుగేళ్లకా?"

"మన పండక్కొచ్చి పోయిన బిడ్డే. అప్పుడు మొహం చెల్లక పోలేదు. బాకీ బాకీనే గదా."

"పోయి ఏమని చెప్తావు?"

"నా కాయల వల్లేనని చెప్తా."

నాగవేణి లోపలికి పోయింది. చెంబుతో మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

ఆనాడు పాపను పిలుచుకొచ్చినవాళ్ల చుట్టాల దగ్గర చిరునామా రాయించుకుని బస్సెక్కాడు.

గూడూరులో నిమ్మకాయల మండీ వెనక చిన్న సందు. తలుపు తెరుచుకుంది. గంగాధరం తలెత్తలేకపోయాడు. గడప చూస్తూనే చేతులు జోడించాడు.

"అమ్మా, మీ పాప పోయింది నీళ్ల వల్ల కాదు. నా తోట కాయల వల్ల. ఈ మాట చెప్పను నాకు నాలుగేళ్లు పట్టింది."



"తెలుసన్నా. మీ ఊళ్లో పిల్లోళ్లు ఎట్టుండారు?"

ఆ గొంతు విని తలెత్తాడు: దండ వేసిన పాప ఫొటో ముందు నిలబడి ఉంది, ఏటా నవమికి వచ్చి కాయల తొక్క తీసిపోయే ఆమె.