తొండ ఇంటికి ఇరవై చిల్లులు

ఎలుక మామ పాత చెక్కపెట్టెతో తొండకి ఇల్లు చేసిపెట్టింది. గాలి కోసం మూతకి ఇరవై చిల్లులు కొరికింది. అయినా లోపల ఒకటే ఉక్క. తొండ నోరు తెరుచుకుని రొప్పుతోంది.

"ఇంకో పది కొరకనా?" అంది ఎలుక.

మూత కింద వేలాడుతున్న సాలీడు తన పోగు చూపించింది. "చూడు, ఇది కాస్తయినా ఊగడం లేదు. పైనుంచి వేడిగాలి పోవాలంటే కిందనుంచి చల్లగాలి రావద్దూ?"

ఎలుక అడుగున ఒక్క చిల్లు కొరికింది. పోగు ఊగింది. తొండకి ప్రాణం లేచొచ్చింది.

"మామా, నీ కలుగుకి ఎన్ని దారులు?" అని అడిగింది తొండ.

"రెండు. ఒకటి మిట్టన, ఒకటి పల్లాన. లేకపోతే ఊపిరాడదుగా!"

"మరి నా ఇంటికి అన్నీ పైనే పెట్టావేం?"

ఎలుక మీసాలు దువ్వుకుంది. "అందులో ఉండేది నేను కాదుగా, తట్టలేదు."