బండల మధ్య ఎడం

సందు మొగలోనే సంపత్కుమార్ సైకిలు ముందుచక్రం రెండు బండల మధ్య ఇరుక్కుంది.

టిఫిన్ క్యారియర్ ఎగిరిపడింది. పెరుగన్నం ఇసుక పాలైంది.

"ఏమప్పా, బండకూ బండకూ నడుమ ఈ ఎడమేంది? మునిసిపాలిటీ నీకిచ్చిన సిమెంటు ఏమైంది?"

గునపం పక్కన పెట్టి లేచాడు పెంచలయ్య. యాభై దాటిన మనిషి. ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని పది రోజులుగా గాజుల సందులో పని చేస్తున్నాడు. ఆరేళ్ళ కిందటి సిమెంటు రోడ్డు పగలగొట్టి, కింద కంకర, దాని మీద ఇసుక పోసి, పైన రాతి బండలు పేరుస్తున్నాడు. ప్రతి బండ చుట్టూ రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ వదులుతున్నాడు.

"వాన నీళ్ళు దిగేదానికి సామీ. సిమెంటేసి భూమిని మూసేసినాం. ఇంక నీళ్ళు యాడికి పోతాయి? మీ ఇండ్లలోకే గదా వచ్చేది."

"సిమెంటు అమ్ముకునేదానికి ఈ కథలన్నీ!"

పెంచలయ్య సైకిలు చక్రం పైకి లాగాడు. వంగి, క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే ఏరి తుడిచి ఇచ్చాడు.

సంపత్కుమార్ దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. సందులో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాయాలి. ఆరేళ్ళ కింద ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ సిమెంటు రోడ్డు తెప్పించింది కూడా ఆయనే. పక్క సందులవాళ్ళు వచ్చి చూసి పోయారు. ఆ తర్వాత ప్రతి వానకూ నీళ్ళు గడపలు దాటుతున్నా, తప్పు కాలువదేనని అందరితో వాదించేవాడు.

ఆ సాయంత్రమే అర్జీ రాశాడు. కాంట్రాక్టరు సిమెంటు కాజేసి ఇసుకతో పని ముగిస్తున్నాడన్నాడు.

"పొద్దున పడిన జల్లుకు ఆ బండల మీద చుక్క నిలవలేదండీ. నేను చూశాను. ఒకసారి ఆయన్ను కూర్చోబెట్టి అడగకూడదా?" అంది భార్య పద్మాక్షి.

"కాంట్రాక్టుల సంగతి నీకేం తెలుసు?"

పదకొండు సంతకాలయ్యాయి. పన్నెండోది సుబ్బులమ్మ వేలిముద్ర.

తమలపాకులు అమ్ముకునే ముసలామె. సందు చివర, పల్లంలో, మట్టిగోడల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది.

"ఆయప్ప మంచోడి మాదిరే ఉండాడే సామీ. మా ఇంటికాడికి ఎప్పుడొస్తావప్పా అంటే, వానల్లోపల వచ్చేస్తా పెద్దమ్మా అన్నాడు."

"అందరూ అట్లే అంటారు. నువ్వు వేలు పెట్టు."

"సదువుకున్న సాములు. మీకు తెలీనిదా" అంటూ వేలు సిరాకు అద్దింది.

నాలుగో రోజు జీపు వచ్చింది. ఓవర్సీయరు, ఇద్దరు పోలీసులు దిగారు.

పెంచలయ్య ఓవర్సీయరు వైపు కాక సంపత్కుమార్ వైపు చూశాడు.

"సామీ, సగమే అయింది. కింద పెద్దమ్మ ఇంటిదాకా ముగించనీమని మీరొక మాట చెప్పండి. ఆమీట యాడికి రమ్మంటే ఆడికి వస్తాను."

సంపత్కుమార్ మొహం తిప్పుకున్నాడు.

పెంచలయ్యను ఎక్కించుకుని జీపు కదిలింది. అర్జీ పని చేసిందని సందంతా సంబరపడింది. ఇంకో అర్జీతో మిగిలిన సగానికి మళ్ళీ సిమెంటు పడింది. ఈసారి ఇంకా మందంగా. సంపత్కుమార్ దగ్గరుండి పోయించాడు. సుబ్బులమ్మ గడప రోడ్డు కంటే జానెడు కిందికి పోయింది.

నవంబరులో తుఫాను పట్టింది. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఒకటే వాన.

పై సగంలో నీళ్ళు బండల మధ్యనే ఇంకిపోయాయి. ఆరేళ్ళలో మొదటిసారి సంపత్కుమార్ ఇంట్లోకి చుక్క రాలేదు.

కింది సగంలో ఇళ్ళ కప్పుల మీది నీళ్ళన్నీ సిమెంటు మీద పడి పల్లానికి పరుగెత్తాయి.

మూడో పొద్దున గోడ కూలిన చప్పుడైంది. అందరూ చేరి మట్టి తీశారు. సుబ్బులమ్మ తన తమలపాకుల గంప మీదికి వాలిపోయి ఉంది. ఊపిరి లేదు.

దహనం ముగిసిన మర్నాడు సంపత్కుమార్ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు.

"ఆ కాంట్రాక్టరునే పిలిపించండి. మిగతా సగం కూడా ఆయన చేతనే వేయించండి."

ఓవర్సీయరు వింతగా చూశాడు.

"ఏ కాంట్రాక్టరు? మీ సందులో మేము ఏ పనీ పెట్టలేదే! మీ అర్జీ వచ్చినాకనే మాకు తెలిసింది. అనుమతి లేకుండా రోడ్డు తవ్వినాడని కేసు పెట్టినాం. మతి లేనోడనుకుని మూడోనాడు వదిలేసినారు."

ఫైల్లో రేణిగుంట చిరునామా ఉంది.

రైలు పట్టాల అవతల ఒంటిగది ఇల్లు. తలుపు తీసినామె నుదుట బొట్టు లేదు.

"ఎవరు సామీ?"

"గాజుల సందులో ఉంటానమ్మా" అని మాత్రం అనగలిగాడు.

ఆమె చాప పరిచింది.

"ఆయన పోయి రెండు నెలలాయె. రొమ్ములో రాతిదుమ్ము చేరిందని డాక్టరు ముందే చెప్పినాడు. ఉన్న బర్రెలు రెండూ అమ్మి ఆ బండలు కొన్నాడు. వద్దంటే యిన్లేదు."

"ఇంత ఊరుండగా మా సందే ఎందుకమ్మా?" అడిగాడు సంపత్కుమార్. "మాకు ఆయన ఏమవుతాడు?"

"ఏమీ కాడు సామీ" అందామె, "ఆరేండ్ల కింద మీ సందుకు సిమెంటు పోసిన పద్నాలుగు మంది కూలీల్లో ఆయనొకడు, అంతే."