బుక్కా రంగు

"అటేపు అడుగెట్టావంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు!"

పద్మకుమారి ఆ మాట అంటూనే కూతురి భుజం మీది చున్నీ లాగేసి కుర్చీలో పడేసింది. ఝాన్సీలక్ష్మి చెప్పులేసుకున్నది వేసుకున్నట్టే వాకిట్లో నిలబడిపోయింది.

"అమ్మా, నాన్న పోయారు. ఒక్కసారి మొకం సూసి వచ్చేస్తాను."

"తొమ్మిదేళ్ళయి ఈ శ్రీకాకుళంలోనే ఉన్నాడు. అరసవల్లిలో ఆవిడితో కాపరం ఎలగబెట్టాడు. ఒక్కరోజైనా నీ మొకం సూద్దామని వచ్చాడా? ఇప్పుడు నువ్వెల్లి సూడాలేటి? నేనూ ఎల్లను, నువ్వూ ఎల్లవు. అంతే."

పద్మకుమారి 'అంతే' అన్నాక ఆ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు. ఉన్నదే ఇద్దరు.

అప్పుడే స్కూటీ మీద ఝాన్సీ క్లాసుమేటు సింధూరి దిగింది, చేతిలో రెండు తెల్ల టీషర్టులతో. ఝాన్సీ ఏడుపుమొహం చూసింది, పద్మకుమారి ఎర్రబడ్డ కళ్ళు చూసింది. సంగతి రాత్రే విన్న పిల్ల కాబట్టి ఏమీ ఎరగనట్టు మాట్లాడింది.

"పిన్నీ, ఇయ్యాళ కాలేజీవాళ్ళ కలర్ రన్ను. ఇద్దరం పేర్లిచ్చేశాం. రాకపోతే హాజరు పోతాదంట."

పద్మకుమారి కుర్చీలోని చున్నీ తీసి కూతురి మీదికి విసిరింది.

"రన్నుకైతే ఎల్లమను. తిన్నగా ఎల్లి తిన్నగా రావాల."

తండ్రి పోయిన పూట కూతుర్ని రంగులాటకి పంపిన తల్లి ఆ జిల్లా మొత్తంలో ఆవిడొక్కతే అయ్యుంటుంది. పంతం అంటే పంతమే మరి.

మైదానంలో మైకు దద్దరిల్లుతోంది. మూడొందలమంది పిల్లలు తెల్లబట్టల్లో కేరింతలు కొడుతున్నారు. మొదటి మలుపులో పసుపు రంగు చల్లారు, రెండో మలుపులో ఆకుపచ్చ. మూడో మలుపు రాకముందే సింధూరి ఝాన్సీ చెయ్యి పట్టుకుని పక్క సందులోకి లాగింది.

"ఎనిమిదింటికి ఎత్తుతారంట. మా గంగరాజు బాబాయి ఆ ఈదిలోనే ఉంటాడు, కనుక్కున్నాను. పరిగెట్టు!"

"అమ్మకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తాది? అక్కడ పాడె ముందు బుక్కా జల్లుతారు, ఇక్కడా రంగులే జల్లుతారు. అన్నీ కలిసిపోతాయి."

ఇద్దరూ పరిగెత్తారు. ఆ ఉదయం వాళ్ళు నిజంగా పరిగెత్తింది అంతే.

వీధి మొదట్లోకి వచ్చేసరికి డప్పులు వినబడ్డాయి. పాడె ఎదురొచ్చింది. పాడె ముందు నడుస్తున్న మనిషి చంకలో సంచి. అందులోంచి గులాబీరంగు బుక్కా, పేలాలు కలిపి గుప్పిళ్ళతో చల్లుతున్నాడు. ఈ పిల్లల వాలకం చూడగానే ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"సెవం పోతంటే రంగులేసుకుని ఆటలేటే మీకు? పెద్దా సిన్నా నేదా? తప్పుకోండి!"

సింధూరి చేతులు జోడించింది. "తప్పయిపోనాది బాబూ. దారి ఇటే కదాని వచ్చాం."

ఝాన్సీ తప్పుకోలేదు. పాడె పక్కనుంచి పోతుంటే మునివేళ్ళ మీద లేచి చూసింది. నుదుట రూపాయి బిళ్ళ. నోట్లో తమలపాకు. ముక్కు మీద కళ్ళద్దాలు నొక్కి నొక్కి పడ్డ రెండు గుంటలు అలాగే ఉన్నాయి. నాన్నా అని పిలవాలనుకుంది. ఆవిడ తాలూకు చుట్టాలు అందరూ అక్కడే ఉన్నారు. పిలవలేకపోయింది. ఒక గుప్పెడు బుక్కా వచ్చి ఆమె తల మీదా భుజాల మీదా పడింది. కూతురిగా ఆమెకి దక్కింది అదే.

తిరిగి పరుగు చివరికి చేరేసరికి అక్కడా గులాబీరంగే ఎగరేస్తున్నారు. సింధూరి దోసిళ్ళతో నీలం, నారింజ, ఏది దొరికితే అది తెచ్చి ఝాన్సీ మీద కుమ్మరించింది. ఝాన్సీ కళ్ళు మూసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. కళ్ళలో రంగు పడిందనుకుని ఎవరో నీళ్ళ సీసా తెచ్చిచ్చారు.

"కడుక్కో అక్కా, మంట తగ్గుతాది."

ఝాన్సీ కడుక్కుంది. తగ్గలేదు.

సింధూరి వీధి మలుపులో దింపేసి వెళ్ళిపోయింది. ఇంటి ముందు పద్మకుమారి నిలబడి ఉంది. తలస్నానం చేసినట్టుంది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నుదుట బొట్టు ఇంకా పెట్టుకోలేదు. గుమ్మం బయట బకెట్టు నిండా నీళ్ళు, మగ్గు.

"ఆ అవతారంతో లోపలికి రాకు. అక్కడే కూర్చో."

ఝాన్సీ మెట్టు మీద కూర్చుంది. మగ్గుతో నీళ్ళు తల మీద పడ్డాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం, గులాబీ అన్నీ కలిసి ఏ రంగూ కాని నీళ్ళయి కాలవలోకి పోతున్నాయి. సింధూరి చెప్పింది నిజమే, అన్నీ కలిసిపోయాయి అనుకుంది ఝాన్సీ.

జుట్టు విడదీస్తున్న తల్లి వేళ్ళు ఉన్నట్టుండి ఆగాయి. పాయల మధ్యలోంచి దేన్నో తీసి అరచేతిలో పెట్టుకుంది. నానిన పేలం.

"రన్నులో పేలాలు కూడా జల్లుతారేటే?"

ఝాన్సీ దెబ్బ పడుతుందని తల వంచేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడలేదు. ఇంకో మగ్గు నీళ్ళు పడ్డాయి, మెల్లగా.

"ఆవిడ వైపోళ్ళు సుట్టూ నిలబడిపోనారు. నేను కొంగు కప్పుకుని ఈది సివరే ఉండిపోనాను, మొకం కనబడనేదు... నువ్వు సూసావు కదా, ఎలాగున్నాడే?"