దావ్లత్ కొరికిన రొట్టె

ఆ వారంలో అది ఏడో సైకిలు.

గోడకి ఆనించింది ఆనించినట్టే జారి పడింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

"మళ్ళీ దాపురించారు," అన్నాడు సఫర్, అరుగు మీంచి లేవకుండానే.

"మెల్లగా అనవయ్యా. గడప తొక్కినవాళ్ళు దేవుడి చుట్టాలు," అంది అతని భార్య జుల్ఫియా.

"ఆ పిండి కూడా దేవుణ్ణే పంపమను."

జెరఫ్షాన్ లోయలో కనుమ ఎక్కే ముందు ఆఖరి ఇల్లు అతనిది. ఎండాకాలమంతా ఎక్కడెక్కడివాళ్ళో సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చి అక్కడే కూలబడతారు. కాదంటే ఊళ్ళో తలెత్తుకోలేడు. నడుముకి మాత్రం ఆ మర్యాదలేవీ తెలియవు, అది వంగనంటుంది.

వచ్చింది ఆడపిల్ల. ఇరవై దాటి ఉంటాయి. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయింది.

"సలాం, పెదనాన్నా," అంది వచ్చీరాని తాజిక్ భాషలో.

ఆ దారిలో నెరిసిన గడ్డం కనిపిస్తే అందరిదీ అదే పిలుపు. సఫర్ పట్టించుకోలేదు.

"ఎక్కణ్ణుంచమ్మా?"

"రష్యా. నలభై రోజులు తొక్కాను."

"బస్సులు లేవా మీ దేశంలో?"

పిల్ల నవ్వింది. "ఈ దారిన సైకిలు మీద వెళ్తే ప్రతి ఇంట్లో రొట్టె పెడతారని మా నాన్న చెప్పేవాడు."

"ఆయనకేం, కూర్చుని చెప్తాడు. చేతులు పడిపోయేలా పిండి పిసికేది మా ఆవిడ."

జుల్ఫియా మెత్త పరిచి, ఎండు మల్బరీ పళ్ళు పెట్టింది. ఉప్పూ వెన్నా వేసిన పాలటీ గిన్నెలో పోసింది. పిల్ల మూడు గిన్నెలు తాగింది. అడక్కుండానే నాలుగోది పోసింది జుల్ఫియా.

"తాగు తల్లీ. గాలొస్తే నువ్వూ నీ సైకిలూ ఎగిరిపోయేలా ఉన్నారు."

పిల్ల కళ్ళు తుడుచుకుని, "పొగ," అంది.

పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

సఫర్ పుస్తకం ఒకటి ముందుకు తోశాడు. "పేరు రాయి. మీ పద్ధతిలో తండ్రి పేరుతో సహా, పూర్తిగా. లేకపోతే పోలీసులు నన్ను తింటారు."

పిల్ల కలం పట్టుకుని నెమ్మదిగా రాసింది. పుస్తకం అతని వైపు తిప్పి, ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

సఫర్ కళ్ళజోడుని పోయిన నెల గాడిద తొక్కింది. అక్షరాలన్నీ చీమల బారులా కనిపించాయి. ఆ మాట పరాయి పిల్లతో చెప్పడం దేనికని తలాడించి, పుస్తకం మూసేశాడు.

"సరేనా?" అంది పిల్ల.

"సరే అన్నట్టేగా."

ఆమె చూపు గోడ మీదికి పోయింది. మేకుకి గుడ్డలో చుట్టిన రొట్టె వేలాడుతోంది.

"అదేనా..."

"మా తమ్ముడిది. దావ్లత్. మా ఆచారం, ఇల్లు వదిలి దూరదేశం పనికి పోయేవాడు రొట్టె ఒక ముక్క కొరికి పోతాడు. తిరిగొచ్చి మిగతాది తింటాడు. వాడు వెళ్ళి ఇరవై నాలుగేళ్ళయింది. రెండు ఉత్తరాలు రాశాడు, అంతే. అమ్మ పోతే పిడికెడు మట్టి వెయ్యడానికైనా రాలేదు."

"వస్తే?"

"గడపలోనే చెప్పుతో కొడతాను." సఫర్ రొట్టె వైపు చూశాడు. "అది అక్కడ ఉన్నన్నాళ్ళూ వాడు ఎక్కడో బతికున్నట్టే. అంతే నాకు మిగిలింది."

పిల్ల లేచి ఆ గుడ్డని వేళ్ళతో తాకింది.

తెల్లారి మేకలకి మేత వేసి వచ్చేసరికి మేకు బోసిగా ఉంది.

పిల్ల కింద కూర్చుని ఉంది. రాయిలాంటి ఆ రొట్టెని టీలో నానబెట్టి తింటోంది. ఒళ్ళో పడ్డ పొడి కూడా వేలితో అద్ది నోట్లో పెట్టుకుంటోంది.

"ఏయ్! ఏం చేస్తున్నావే!"

"మీరు సరే అన్నారు కదా... పుస్తకం చూసి."

"పుస్తకంలో నా రొట్టె మింగమని రాసుందా? తింటే వాడు తినాలి. వాడు లేకపోతే వాడి కడుపున పుట్టినవాళ్ళు తినాలి. దారిన పోయే దిక్కుమాలినదానివి, నువ్వు తింటావా? ఉన్న ఒక్క తమ్ముణ్ణీ చంపావు. పో! నా గడప దిగు!"

అంత గబగబా తిడితే ఆమెకి ఎంత అర్థమైందో ఏమో. 'పో' మాత్రం అర్థమైంది.

గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. సంచి తనే సైకిలుకి కట్టుకుంది. వెనక్కి చూడలేదు.

జుల్ఫియా వాగు నుంచి నీళ్ళు తెచ్చేసరికి సైకిలు కనుమ మలుపులో చుక్కై, మాయమైంది.

"ఆకలికి తిన్నట్టు లేదయ్యా," అంది ఆమె, అంతా విని. "పక్కనే వేడి రొట్టె పెట్టి వెళ్ళాను. అది ముట్టనే లేదు."

"దొంగబుద్ధి. పేరేంటో చూడు, పోలీసులకి చెప్తాను."

జుల్ఫియా పుస్తకం తెరిచింది. వేలు ఒక వరస మీద ఆగిపోయింది. ఆమె తల ఎత్తి బోసి మేకు వైపు చూసింది.

"చదవవే!"

"పిల్ల పేరు 'వేరా' అని రాసుంది," అంది జుల్ఫియా, "తండ్రి పేరు దావ్లత్, ఇంటిపేరు మనదే."