జుసుపోవా తరఫున

“ఈ నలుగురూ ఒక్కరేనా?” అని కంప్యూటర్ అడుగుతోంది.

కుందుజ్ తెరకేసి విసుగ్గా చూసింది. ఎ. జుసుపోవా పేరు రష్యన్ లిపిలో ఒకలా, ఇంగ్లీషులో మూడు రకాలుగా పడింది. చదివిన వ్యాసాలన్నీ దాచిపెట్టి, థీసిస్ చివర వాటి పట్టికను తానే పేర్చిపెట్టే ఆ సాఫ్ట్‌వేర్‌కి అక్షరం మారితే మనిషి మారినట్టే. కుందుజ్ నలుగురినీ కలిపి ఒక్క మనిషిని చేసింది. వ్యాసాలన్నీ ఒక వరసలోకి వచ్చాయి. అన్నీ తియాన్‌షాన్ కొండల్లోని మంచు సరస్సుల మీదే. తొంభై నాలుగో సంవత్సరంతో ఆ వరస ఆగిపోయింది.

“ఇంత రాసిన మనిషి ఉన్నట్టుండి ఏమైపోయింది అగాయ్?”

ఎదుటి బల్ల దగ్గర టీ తాగుతున్న గైడు ఎసెన్ మమితోవిచ్ తలెత్తాడు. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో ఆయన దగ్గర చదివేవాళ్ళంతా ఆయన్ని, మాస్టారు అనే అర్థంలో, అగాయ్ అనే పిలుస్తారు.

“కొండమీది ఆ పరిశోధన కేంద్రం సోవియట్ రోజులతోనే మూతపడింది. అక్కడివాళ్ళు తలో దిక్కూ పోయారు. కొందరు గొర్రెలు కాసుకున్నారు, కొందరు బజార్లో బట్టలమ్ముకున్నారు. నేనప్పటికి ఓష్‌లో బడిపిల్లాణ్ణి. నాకేం తెలుస్తుంది?”

“ఎ అంటే ఎల్మిరానో, ఎర్కెగులో! ఆ ముక్కయినా ఎవరూ చెప్పరు.”

“ఆవిడ పేరుతో నీకేం పని? ముందు ఆ మూడో అధ్యాయం తీసెయ్.”

కుందుజ్ ముఖం మాడ్చుకుంది. ఆ అధ్యాయమే ఆమె ప్రాణం. హెలెనే యాన్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త వ్యాసం మీద కట్టిన కత్తి అది. ఆ వ్యాసం చదివినప్పటి నుంచీ కుందుజ్‌కి ఒకటే సందేహం. జుసుపోవా తన చివరి వ్యాసంలో, ‘చలికాలంలో కూడా సరస్సు లోతు కొలిచాను, వివరాలు తర్వాత ప్రకటిస్తాను’ అని రాసింది. ఆ తర్వాతంటూ రాలేదు. యాన్సెన్ వ్యాసంలో మాత్రం ఒకచోట జుసుపోవాను తొందరపాటు మనిషని దులిపేసి, ఆ పక్క పేజీలోనే ఆ సరస్సువే, ఆ చలికాలంవే అంకెలు ఉన్నాయి. ఎక్కడివో లేదు. సాఫ్ట్‌వేర్‌లో దాచిన కాగితమల్లా తిరగేసినా వాటి మూలం దొరకలేదు.

“ఏకంగా దొంగతనం అని రాశావు తల్లీ,” అన్నాడాయన. “నీ థీసిస్ చూసేవాళ్ళలో యాన్సెన్ కూడా ఉంది. కూర్చున్న కొమ్మే నరుక్కుంటావా?”

“నిజమైతేనో?”

“నిజమేదో ఆవిణ్ణే అడుగు. గురువారం సెమినార్‌కి వస్తోంది.”

కుందుజ్ ఆ అధ్యాయాన్ని తనే యాన్సెన్‌కి ఈమెయిల్ చేసింది. చాటుగా మాటనడం ఆమెకి చేతకాదు.

గురువారం సెమినార్ అయ్యాక ముగ్గురూ డిపార్ట్‌మెంట్ గదిలో కూర్చున్నారు. యాన్సెన్ నెరిసిన జుట్టుతో, నీలి కళ్ళతో, పొడుగ్గా ఉంది. రష్యన్ గడగడా మాట్లాడుతోంది. ఇరవయ్యేళ్ళుగా ఈ కొండలకి వచ్చిపోయే మనిషికి ఆ మాత్రం రాదా అనుకుంది కుందుజ్. యాన్సెన్ రొట్టెను చేత్తో తుంచి అందరి ముందూ పెట్టింది.

“మా పద్ధతులు బాగా పట్టేశారే!” మురిసిపోయాడు ఎసెన్ మమితోవిచ్.

“తిండి దగ్గర ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు,” అని నవ్వి, ఆమె కుందుజ్ వైపు తిరిగింది. “నువ్వు రాసింది చదివాను. జుసుపోవా నీకు చుట్టమా?”

“కాదు. ఫొటో కూడా చూడలేదు.”

“మరి ఎందుకింత కోపం?”

“పడవ పగిలిపోతే లారీ ట్యూబుకి గాలి కొట్టి, దాని మీద కూర్చుని సరస్సు కొలిచిందావిడ. అలాంటి మనిషిని తొందరపాటు మనిషన్నారు మీరు.”

“తొందరపాటే. రాయి కట్టిన తాడు మంచుకి తగిలి ఆగితే, అదే అడుగనుకుంది. మళ్ళీ ఒకసారి వేసి చూడాల్సింది.”

“తాడని ఆవిడ ఎక్కడా రాయలేదే! మీకెలా తెలుసు?”

యాన్సెన్ టీకప్పు అందుకుంది. ఆమె కళ్ళలో ఏదో కుతూహలం. కుందుజ్ ఆగలేదు.

“ఆ చలికాలం అంకెలు మీకెవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు.”

“అయితే నేను రాసింది నిజమే!”

“కుందుజ్!” ఎసెన్ మమితోవిచ్ లేచి నిలబడ్డాడు. “అతిథి అమ్మా!”

“కూర్చోండి, కూర్చోండి. అడగనివ్వండి,” అంది యాన్సెన్. కప్పు పక్కన పెట్టింది. “ముప్పయ్యేళ్ళలో ఆవిడ గురించి ఇంతలా పోట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే.”

ఆ మాట కిర్గిజ్‌లో అంది. పల్లెటూరి యాసతో సహా.

“మీకు కిర్గిజ్ వచ్చా?” అంది కుందుజ్.

“నేను పుట్టింది ఇక్కడే, తోక్‌మోక్ దగ్గర,” అంది యాన్సెన్. “మా తాతల నాటి నుంచీ అక్కడో జర్మన్ల పల్లె ఉండేది. సోవియట్ యూనియన్ విడిపోయాక అందరం సర్దుకుని జర్మనీ వెళ్ళిపోయాం.”

కుందుజ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. కోపం సంగతే మరిచిపోయింది.

“అంటే మీరూ ఆ కేంద్రంలోనే పనిచేశారా? అయితే ఆవిణ్ణి ఎరుగుదురన్నమాట! ఎక్కడుంది ఇప్పుడు? బాగుందా? ఒక్కసారి కలిపిస్తారా?”

“రష్యన్‌లో నా పేరు ఎ తోనే మొదలవుతుంది. జుసుపోవ్ మా ఆయన ఇంటిపేరు, అమ్మాయ్.”