కింద వాటాతో సహా

“కింద వాటాలో మనిషున్నాడా?”

నరసింహం గారి మొదటి ప్రశ్నకే అప్పలసూరి నీళ్లు నమిలాడు. ఉన్నాడు మరి. ఎవరో ముసలాయన, ఒక్కడే, ముప్పై ఏళ్ల పైబడి అద్దెకుంటున్నాడట. అందుకే కదా కలకత్తాలో భవానీపూర్ లాంటి ఖరీదైన చోట రెండు వాటాల ఇల్లు సగం ధరకు దొరుకుతోంది. ఆ ముక్క చివర్లో మెల్లగా చెబుదామనుకున్నాడు. ఈయనేమో అక్కణ్ణుంచే మొదలెట్టారు.

అప్పలసూరి గార్డెన్ రీచ్ ఓడల యార్డులో కాంట్రాక్టు వెల్డరు. యాభై ఎనిమిది నిండుతున్నాయి. పింఛను లేదు, పాడూ లేదు. పలాస దగ్గర తండ్రి ఇచ్చిన జీడితోట మొన్ననే అమ్మేశాడు. ఆ డబ్బుతో ఇల్లు కొని అద్దెకిచ్చుకుంటే, తనూ భార్య రమాకుమారీ ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికెయ్యొచ్చని ఆశ. బ్రోకరు బాదల్ దా బుధవారం బయానా ఇచ్చెయ్యమని తొందరపెడుతున్నాడు. రమాకుమారి ఒప్పుకుంటేనా! “మావా, పోయిన తోట మళ్లీ రాదు. తెలుగు సంఘంలో నరసింహం బాబుని ఓపాలి అడిగిరా,” అని తరిమింది.

ఆ మాటా నిజమే. నరసింహం గారు బ్యాంకులో లోన్ల సెక్షన్ చూసి రిటైరైన మనిషి. భార్య పోయాక పొద్దున్నే సంఘం లైబ్రరీకి వచ్చేసి చీకటి పడేదాకా కూర్చుంటున్నారు. కలకత్తాలో ఏ తెలుగువాడు ఇల్లు కొన్నా, కాగితాలు ముందు ఆయన కళ్లజోడు కిందికి రావాల్సిందే. పైసా పుచ్చుకోరు, కాఫీ కూడా తన డబ్బుతోనే.

ఏ వీధి అని అడిగారాయన. అప్పలసూరి వీధి పేరు, ఇంటి నంబరు చెప్పాడు. ఆయన కాఫీ కప్పు పక్కకు జరిపి, మొత్తం మొదట్నుంచి చెప్పమన్నారు.

చెప్పాడు. రెండుసార్లు వెళ్లి చూశాడు. మేడమీద ఖాళీ, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. కింద రెండుసార్లూ తాళమే. ఆ ముసలాయన పగలు ఇంటిపట్టున ఉండడట. ఆర్నెల్లలో అతన్ని ఖాళీ చేయించే పూచీ తనదని బాదల్ దా మాటిచ్చాడు.

“ఎలా చేయిస్తాడట?” అన్నారు నరసింహం గారు.

“ముసలాడు కదా బాబూ, ఇంకెన్నాళ్లుంటాడు అన్నాడు,” అని అప్పలసూరి నవ్వబోయాడు.

ఆయన నవ్వలేదు. “అలాంటివాళ్లు గట్టిపిండాలు. వందేళ్లుంటారు,” అన్నారు.

ఇక గంటసేపు క్లాసు పీకారు. ఈ ఊళ్లో పాత కిరాయిదారంటే ఏమనుకున్నావని అడిగారు. ఓనరు అద్దె పుచ్చుకోనంటే వాడు నేరుగా రెంట్ కంట్రోలర్ ఆఫీసులో జమచేసి, రసీదు భద్రంగా దాచుకుంటాడు. కరెంటు కోశావా, నీ మీదే ఫిర్యాదు. కోర్టుకెక్కావా, వాయిదా మీద వాయిదా. పాత కేసేదైనా ఉంటే అదీ ఇంటితో పాటే నీ నెత్తికెక్కుతుంది. ఈ ఇంటి మీద కేసు లేదని ఎవరు చెప్పారు? బ్రోకరు. అసలు ఓనరుని కళ్లతో చూశావా? అప్పలసూరి తల అడ్డంగా ఊపాడు.

“ఖాళీ ఇల్లు కొనుక్కో సూరీ. ఒక్క గదైనా సరే. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించు, దిగినవాడి వివరాలు పోలీసు ఠాణాలో ఇవ్వు, హాయిగా నిద్రపో. మనిషున్న ఇల్లు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.”

ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారని అప్పలసూరి అడగనే అడిగాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇంటి కేసు నాకూ ఒకటుంది నాయనా. పదిహేనేళ్లయింది. ఇంకా వాయిదాలే.”

అప్పలసూరి ప్రాణం ఉసూరుమంది. ఎవడో పాపిష్టివాడు అద్దెకు దిగి ఇంతటి పెద్దమనిషిని ఏడిపించుకు తింటున్నాడన్నమాట. ఆ గతి తనకు పట్టేదే, దేవుడు చల్లగా చూశాడు.

బయటికొచ్చి ఫుట్‌పాత్ మీదే నిలబడి బాదల్ దాకి ఫోన్ చేసి, వద్దని చెప్పేశాడు. చెప్పాక గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. రమాకుమారి ఆ పూట రొయ్యల ఇగురు చేసింది. పది రోజులుగా లేని నిద్ర ఆ రాత్రి కంటినిండా పట్టింది. శనివారానికల్లా గార్డెన్ రీచ్‌లోనే ఖాళీగా ఉన్న ఒక గది, వంటిల్లు చూసుకున్నారు. ఓనరు ఎదురుగా కూర్చుని కాగితాలన్నీ చూపించాడు. తోట డబ్బు నిలబడిందని రమాకుమారి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒక్క పని మిగిలింది. మేడమీద వాటా చూసుకోమని బాదల్ దా ఇచ్చిన తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది. అతనేమో అత్తారింటికని బర్ధమాన్ పోయి కూర్చున్నాడు. కింద వాటా ముసలాయన ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాడు, అతని చేతికిచ్చేయమని ఫోన్‌లో చెప్పాడు.

ఆదివారం అప్పలసూరి ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. దారిలో నరసింహం గారి కోసం సందేశ్ మిఠాయి డబ్బా కొన్నాడు. తాళంచెవి పారేసి, అట్నుంచటే సంఘానికెళ్లి ఆయన కాళ్లకు దండం పెట్టుకోవాలి. తన కొంప ముంచబోయిన ఆ కిరాయిదారు మొహం ఎలా ఉంటుందో చూడాలని కాస్త సరదా కూడా లేకపోలేదు. బెల్లు నొక్కాడు. లోపల చెప్పుల చప్పుడైంది.

తలుపు తీసింది నరసింహం గారే.